చూసినవారికి చెల్లని సాక్ష్యం: వర్జీనియా రాండాల్ఫ్ కుటుంబ వివాదం

1792 అక్టోబరు 1న వర్జీనియాలోని కంబర్లాండ్ కౌంటీలో గ్లెంటివార్ అనే ఎస్టేటుకు కొందరు బంధువులు చుట్టపుచూపుగా వచ్చారు. ఇంటి యజమాని రాండాల్ఫ్ హారిసన్. వచ్చినవారిలో రిచర్డ్ రాండాల్ఫ్, అతని భార్య జూడిత్, ఆమె చెల్లెలు నాన్సీ ఉన్నారు. నాన్సీకి అప్పుడే 18 ఏళ్ళు నిండాయి. ఒంట్లో బాగాలేదని ఆమె పెందలాడే మేడమీది గదికి వెళ్ళి పడుకుంది. రాత్రి బాగా పొద్దుపోయాక పైనుంచి కేకలు వినిపించాయి. హారిసన్ భార్య నొప్పి తగ్గించే నల్లమందు ద్రావకం తీసుకొని పైకి వెళ్ళేసరికి తలుపుకు లోపలినుంచి గడియ వేసి ఉంది. రిచర్డ్ లోపలే ఉన్నాడు. వెలుతురు నాన్సీ కళ్ళకు బాధగా ఉందని చెప్పి కొవ్వొత్తిని లోపలికి తేనివ్వలేదు. ఆమె కిందికి వచ్చిన తరువాత ఎవరో బరువైన అడుగులతో మెట్లు దిగి, మళ్ళీ ఎక్కిన చప్పుడైంది. మర్నాడు మెట్ల మీద, దిండు మీద నెత్తురు మరకలు కనిపించాయి. నాన్సీకి ఆ రాత్రి గర్భం పోయిందని, ఆ పిండాన్ని పెరట్లో పేర్చి ఉంచిన చెక్కపెంకుల గుట్టలో పడేశారని ఆ ఇంటి బానిసలు చెప్పుకున్న మాట కొద్దిరోజులకు యజమాని చెవిన పడింది.

అమెరికా తొలినాటి కులీన కుటుంబాల చరిత్రలో ఇంతగా చర్చకు వచ్చిన సంఘటనలు తక్కువ. దీన్ని సాధారణంగా బావామరదళ్ళ రహస్య ప్రేమకథగా, లేదా ఇద్దరు మహా న్యాయవాదులు గెలిచిన సంచలన కేసుగా చెబుతారు. రెండు కథనాలూ అసలు విషయాన్ని పక్కకు నెడుతున్నాయి. ఆ రాత్రి గ్లెంటివార్‌లో ఏం జరిగిందో దగ్గరగా చూసినవారిలో ఎక్కువమంది, చట్టం దృష్టిలో, సాక్షులుగా నిలబడే అర్హతే లేనివారు. పరువు గల కుటుంబాల గుట్టు నిలిచినా రట్టయినా, ఎవరి నోటి మాటను కోర్టు మాటగా లెక్కిస్తుందన్న దానిపైనే అది ఆధారపడింది.

రాండాల్ఫ్‌లు వర్జీనియాలో ఎంతటివారో తెలిస్తే తప్ప ఈ గొడవ బరువు అర్థం కాదు. అప్పటి విదేశాంగ మంత్రి థామస్ జెఫర్సన్ తల్లి జేన్ ఆ వంశపు ఆడపడుచు. అప్పటి దేశ అటార్నీ జనరల్ ఎడ్మండ్ రాండాల్ఫ్ అదే కుటుంబం మనిషి. తరువాతి కాలంలో సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తి అయిన జాన్ మార్షల్ అమ్మమ్మ కూడా ఆ ఇంటి బిడ్డే. భూమి, బానిసలు, పదవులు చేయి దాటిపోకుండా వీరు తరతరాలుగా తమలో తామే పెళ్ళిళ్ళు చేసుకున్నారు. జూడిత్, రిచర్డ్ కూడా పెళ్ళికి ముందు నుంచే బంధువులు. జూడిత్, నాన్సీల అన్న థామస్ మాన్ రాండాల్ఫ్ 1790లో జెఫర్సన్ పెద్దకూతురు మార్తాను పెళ్ళి చేసుకున్నాడు. ఇలాంటి అల్లికలో ఒక్క పోగు తెగినా మొత్తం వస్త్రం కదులుతుంది. నాన్సీ మీద పడిన మచ్చ ఏకకాలంలో ఆమె పుట్టింటికీ, అక్క అత్తింటికీ, దేశ విదేశాంగ మంత్రి ఇంటికీ అంటింది.

పైగా అప్పటికే ఈ కుటుంబాల పునాదులు బీటలు వారుతున్నాయి. భూమిని వంశపారంపర్యంగా ఒకే వారసుడికి కట్టివేసే పద్ధతిని వర్జీనియా 1776లో రద్దు చేసింది. జ్యేష్ఠుడికే ఆస్తి అంతా దక్కే నియమం 1785 చట్టంతో పోయింది. తాతల నాటి ఎస్టేట్లు ముక్కలయ్యాయి. పొగాకు సాగు భూసారాన్ని పీల్చేసింది, లండన్ వర్తకుల బాకీలు మాత్రం అలాగే నిలిచి ఉన్నాయి. రిచర్డ్‌కు తండ్రి నుంచి వచ్చిన బానిసలు కూడా తండ్రి చేసిన అప్పుల కింద తాకట్టులో ఉన్నారు. ఆస్తి కరుగుతున్న ఇంటికి పరువే పూచీకత్తు: అప్పు పుట్టాలన్నా, మంచి సంబంధం కుదరాలన్నా, ఎన్నికల్లో ఓట్లు రావాలన్నా దాని మీదే నడవాలి. అందుకే ఈ అపవాదును వదంతిగా వదిలేసే వీలు రిచర్డ్‌కు లేకపోయింది.

నాన్సీ అక్క ఇంటికి వచ్చి ఉండటానికి కారణం కూడా కుటుంబమే. 1789లో తల్లి చనిపోయింది. మరుసటి ఏడు తండ్రి, ఇంచుమించు కూతురి ఈడు గల గాబ్రియెల్లా హార్వీని రెండో పెళ్ళి చేసుకున్నాడు. సవతి తల్లితో పొసగక నాన్సీ పుట్టిల్లు టకహో విడిచి, అపొమాటాక్స్ నది ఒడ్డున ఉన్న బిజార్ ఎస్టేటుకు చేరింది. ఇంగ్లీషులో 'విచిత్రం' అని అర్థమిచ్చినా, ఆ ఎస్టేటు అసలు పేరే అది. అక్కడ రిచర్డ్‌తో పాటు అతని తమ్ముళ్ళు థియోడరిక్, జాన్ కూడా ఉండేవారు. థియోడరిక్ 1792 ఫిబ్రవరిలో జబ్బుతో మరణించాడు. ఈ తేదీని గుర్తుంచుకోవాలి.

గ్లెంటివార్ రాత్రి తరువాత కొన్ని నెలల్లో ఆ మాట బానిసల నివాసాల నుంచి యజమానుల భోజనాల బల్లల దాకా, అక్కడి నుంచి కౌంటీ అంతటికీ పాకింది. రిచర్డ్ మరదలితో సంబంధం పెట్టుకుని, పుట్టిన బిడ్డను చంపాడన్నది అభియోగం. భార్య చెల్లెలిని పెళ్ళాడటం మన సమాజంలో నిషిద్ధం కాదు గాని, ఇంగ్లండ్ చర్చి నియమాల్లో పెరిగిన వర్జీనియన్లకు భార్య చెల్లెలు సొంత చెల్లెలితో సమానం. కాబట్టి ఆరోపణలో వ్యభిచారం, వావి తప్పడం, శిశుహత్య మూడూ కలిసిపోయాయి. దీనికి వెనుక ఒక పాత చట్టం నీడ కూడా ఉంది. పెళ్ళికాని స్త్రీ తన బిడ్డ మరణాన్ని దాచిపెడితే ఆమే చంపిందని భావించాలని, బిడ్డ చనిపోయి పుట్టిందని నిరూపించే భారం ఆమెదేనని 1624లో ఇంగ్లండ్ చేసిన చట్టాన్ని అనుసరించి వర్జీనియా 1710లో తనదైన చట్టం చేసుకుంది. గర్భాన్ని దాచడమే హత్యకు రుజువుగా చూసే ఆ ధోరణి తరాల పాటు జనం మనసుల్లో నిలిచింది.

రిచర్డ్ ఎంచుకున్న ఎత్తుగడ అసాధారణమైనది. తన మారుటి తండ్రి, పేరున్న న్యాయవేత్త సెయింట్ జార్జ్ టకర్ అండతో 1793 మార్చి నెలాఖరున పత్రికలో బహిరంగ ప్రకటన వేయించాడు. ఏప్రిల్‌లో కంబర్లాండ్ కౌంటీ కోర్టు కూర్చున్నప్పుడు తాను హాజరవుతానని, తన మీద ఎవరికి ఏ అభియోగం ఉన్నా అక్కడికి వచ్చి చెప్పుకోవచ్చని అందులో సవాలు చేశాడు. పెద్దమనుషుల మధ్య పరువు తగాదా వస్తే ద్వంద్వయుద్ధానికి పిలిచే కాలం అది. ఊరంతటినీ తుపాకీతో సవాలు చేయలేడు కనుక అతను కోర్టు గుమ్మాన్నే యుద్ధభూమిగా మార్చుకున్నాడు. ఫలితం అతను ఊహించిన దానికన్నా తీవ్రంగా వచ్చింది: అధికారులు అతన్ని హత్యానేరం కింద అదుపులోకి తీసుకున్నారు. ఏప్రిల్ 29న విచారణ జరిగింది.

ఇది జ్యూరీ ముందు జరిగే పూర్తి స్థాయి విచారణ కాదు. స్వతంత్రుల మీద పెద్ద నేరారోపణ వచ్చినప్పుడు కౌంటీ మేజిస్ట్రేట్లు ముందుగా సాక్ష్యం విని, పై కోర్టుకు పంపాలా వద్దా అని తేల్చే పద్ధతి వర్జీనియాలో ఉండేది. ఆ మేజిస్ట్రేట్లు జీతం తీసుకునే న్యాయాధికారులు కారు, చుట్టుపక్కల ఎస్టేట్ల యజమానులే. న్యాయపీఠం మీద కూర్చున్నవారు, బోనులో నిలబడినవాడు, సాక్ష్యం చెప్పేవారు ఒకే వర్గం మనుషులు.

రిచర్డ్ పక్షాన పాట్రిక్ హెన్రీ, జాన్ మార్షల్, అలెగ్జాండర్ క్యాంప్‌బెల్ వాదించారు. స్వేచ్ఛో మరణమో తేల్చమన్న విప్లవకాలపు ప్రసంగంతో ఇంటింటికీ తెలిసిన హెన్రీ అప్పటికి వృద్ధుడు. నాన్సీకి పిన్ని (తల్లి చెల్లెలు) అయిన మేరీ పేజ్, తలుపు సందులోంచి నాన్సీని చూశానని, ఆమె ఒంటి మార్పును గమనించానని చెప్పినప్పుడు, ఏ కంటితో చూశారని హెన్రీ అడిగి ఆమె సాక్ష్యాన్ని తేలిక చేశాడని ఒక కథ తరతరాలుగా ప్రచారంలో ఉంది. ఆ కథ ఎంత రక్తి కట్టినా, కేసును నిజంగా అర్థం చేసుకోవడానికి పనికివచ్చేవి మార్షల్ నోట్సు. సాక్షులు చెప్పినదాన్ని అతను క్లుప్తంగా రాసుకుని, చివర తన తర్కాన్ని జోడించాడు.

ఆ నోట్సు చదివితే మొదట కొట్టొచ్చినట్టు కనిపించేది సాక్ష్యాల గల్లంతు. రిచర్డ్, నాన్సీ పరస్పరం చూపుకునే చనువు శ్రుతి మించిందని కొందరన్నారు. అది బంధువుల మధ్య మామూలేనని మరికొందరన్నారు. జెఫర్సన్ కూతురు మార్తా చెప్పినది అన్నిటికన్నా సున్నితమైనది. కడుపునొప్పికి గ్వాయకం అనే చెట్టు బంక మంచి మందని, అయితే అది గర్భాన్ని పోగొట్టగలదు గనుక జాగ్రత్త అవసరమని తాను అన్నానని, తరువాత నాన్సీ కోసం ఆ మందు అడిగితే కొంత పంపానని ఆమె చెప్పింది. మార్షల్ ఈ ప్రమాదకరమైన వాస్తవాన్ని దాటవేయలేదు, తిప్పి చూపించాడు: నిజంగా గర్భాన్ని రహస్యంగా వదిలించుకోవాలనుకున్న మనిషి ఆ మందును బంధువుల చేతుల మీదుగా బాహాటంగా అడిగి తెప్పించుకుంటుందా? దాచవలసిన ప్రసవం ముంచుకొస్తుంటే సొంత ఇల్లు వదిలి పరాయి ఇంటికి విందుకు వెళ్తుందా? తనను పరీక్షించుకోనివ్వకపోవడం నిర్దోషికి ఉండే ఆత్మాభిమానం వల్ల కూడా కావచ్చు కదా? అనుమానానికి ఆస్కారం లేదని మార్షల్ అనలేదు. అనుమానం ఉన్నంత మాత్రాన దురదృష్టవంతురాలు మాత్రమే అయి ఉండగల మనిషిని సమాజం వెలివేయకూడదన్నాడు. మంచి వాదనకు ఇది ఉదాహరణ. ప్రతి వాస్తవానికీ మరొక అర్థం చూపగలిగితే చాలు, ఆరోపణ కూలిపోతుంది.

జూడిత్ మాటకు ఎక్కువ విలువ దక్కింది. మేడమీద నుంచి కిందికి దిగాలంటే తాను పడుకున్న గదిలోంచే దారి అని, ఆ రాత్రి తాను మెలకువగానే ఉన్నానని, భర్త బిడ్డను మోసుకుపోయి ఉంటే తనకు తెలియకుండా ఉండదని ఆమె చెప్పింది. భార్య సాక్ష్యాన్ని భర్త కేసులో సాధారణంగా అంగీకరించని న్యాయ సంప్రదాయంలో ఆమె మాట ఇలా వినిపించడం విశేషమే. అదే సంప్రదాయం ప్రకారం, నిందితుడు తన కేసులో తానే ప్రమాణం చేసి సాక్ష్యం చెప్పడానికి వీల్లేదు. అభియోగంలో సగం భాగమైన నాన్సీ నోరు విప్పలేదు. ఆ విధంగా గదిలో ఉన్న ఇద్దరు ముఖ్యులూ మౌనంగా ఉండిపోగా, గది బయట ఉన్నవారు అడుగుల చప్పుడు గురించి మాట్లాడారు.

గదిలో మూడో మనిషి కూడా ఉంది. హారిసన్ భార్య పైకి వెళ్ళినప్పుడు నాన్సీ దగ్గర సుమారు 15 ఏళ్ళ బానిస బాలిక ఉందని మార్షల్ నోట్సులోనే ఉంది. ఏం జరిగిందో ఆ అమ్మాయికి తెలిసి ఉండాలి. చెక్కపెంకుల గుట్ట గురించి మొదట మాట్లాడినవారికీ తెలిసి ఉండాలి. వారెవరినీ పిలవలేదు, పిలవడానికి చట్టం ఒప్పుకోదు. నీగ్రోలు, ములాటోలు (నల్ల, తెల్ల జాతుల మిశ్రమ సంతతివారు) సాక్షులుగా నిలవాలంటే ఆ కేసు నీగ్రోల మీదో ములాటోల మీదో నడుస్తున్నది అయి ఉండాలని, లేదా ఇరుపక్షాలూ వారే అయిన సివిల్ వ్యాజ్యం అయి ఉండాలని 1785 నాటి వర్జీనియా చట్టం నిర్దేశించింది. శ్వేతజాతి నిందితుడి విషయంలో వారి కళ్ళు చూసినదేదీ సాక్ష్యం కాదు. వారి మాట కోర్టులోకి వచ్చింది హారిసన్ నోటి ద్వారా, బానిసలు అనుకోగా విన్నానన్న వినికిడి రూపంలో మాత్రమే. వినికిడికి బరువుండదు కాబట్టి దాన్ని కొట్టిపారేయడం సులువైంది. మేజిస్ట్రేట్లు రిచర్డ్‌ను విడిచిపెట్టారు.

ఈ తీర్పు తప్పని చెప్పడానికి ఆధారం లేదు. హత్య జరిగినట్టు రుజువు లేదు, నిందితుణ్ణి విడిచిపెట్టడం అప్పటి సాక్ష్యాల ప్రకారం న్యాయమే. కాని ఆ న్యాయం ఎలా తయారైందో చూడాలి. ఒక శ్వేతజాతి సాక్షి ఆ గదిలో ఉండి ఉంటే కేసు ఎటు తిరిగేదో ఎవరూ చెప్పలేరు. అటువంటి సాక్షి లేకపోవడం మాత్రం యాదృచ్ఛికం కాదు. ఎస్టేటు ఇళ్ళలో పురుళ్ళు పోసేది, రోగుల దగ్గర రాత్రుళ్ళు జాగారం చేసేది, నెత్తుటి గుడ్డలు ఉతికేది బానిస స్త్రీలే. యజమానుల రహస్యాలన్నీ తెలిసినవారినే చట్టం మూగవారిని చేసింది. తమ గుట్టు కాపాడుకోవడానికి కులీనులకు వేరే గోడలు కట్టుకోవలసిన పని లేకపోయింది.

ఇదే చట్టం 13 ఏళ్ళ తరువాత అదే వర్గంలోని అత్యంత గౌరవనీయుడి ప్రాణం విషయంలో ఎదురు తిరిగింది. స్వాతంత్ర్య ప్రకటన మీద సంతకం చేసిన జార్జ్ విత్ జెఫర్సన్‌కు న్యాయశాస్త్రం నేర్పిన గురువు. రిచర్డ్ రాండాల్ఫ్‌కు కూడా అతనంటే ఎనలేని భక్తి. 1806 మేలో రిచ్‌మండ్‌లోని ఇంట్లో విత్‌తో పాటు, వంట చూసుకునే లిడియా బ్రాడ్‌నాక్స్, ఆ ఇంట్లో చదువుకుంటున్న మైకేల్ బ్రౌన్ అనే కుర్రవాడు ఉదయపు ఆహారం తరువాత తీవ్రంగా జబ్బుపడ్డారు. ఆర్సెనిక్ విషప్రయోగమని అనుమానించారు. మైకేల్ జూన్ 1న, విత్ జూన్ 8న చనిపోయారు. అనుమానం విత్ చెల్లెలి మనవడైన జార్జ్ విత్ స్వీనీ మీద పడింది. ముసలాయన పేరుతో దొంగ చెక్కులు రాసిన చరిత్ర అతనికుంది. మరణశయ్య మీదే విత్ వీలునామా మార్చి స్వీనీకి ఏమీ దక్కకుండా చేశాడు. స్వీనీ కాఫీ కెటిల్ దగ్గర ఏదో చేస్తుండగా చూసినది లిడియా, ఆమె బతికి బయటపడింది. ఆమె ఒకప్పుడు విత్ బానిస, అప్పటికి స్వతంత్రురాలు. అయినా నల్లజాతి స్త్రీ కాబట్టి శ్వేతజాతి నిందితుడికి వ్యతిరేకంగా ఆమె సాక్ష్యం చెల్లలేదు. ఎడ్మండ్ రాండాల్ఫ్, విలియం వర్ట్ స్వీనీ తరఫున వాదించారు, అతను హత్యానేరం నుంచి బయటపడ్డాడు.

ఇందులో గుండె కలుక్కుమనిపించే విషయం వేరొకటి ఉంది. విప్లవం తరువాత వర్జీనియా చట్టాలను సంస్కరించి తిరగరాయడానికి శాసనసభ నియమించిన సంఘంలో చివరిదాకా పనిచేసింది ముగ్గురు: జెఫర్సన్, ఎడ్మండ్ పెండిల్టన్, జార్జ్ విత్. నల్లజాతివారి సాక్ష్యాన్ని కట్టడి చేసిన ఆ 1785 నియమం ఆ సంఘం సిద్ధం చేసిన బిల్లుల నుంచే వచ్చింది. పాత వలస చట్టాల్లో ఉన్న నిషేధాన్ని వారు కొత్తగా కనిపెట్టలేదు, కాని తీసివేసే అవకాశం చేతిలో ఉన్నప్పుడు అలాగే ఉంచేశారు. తన హంతకుడిని గుర్తించగల ఒకే ఒక్క నోటిని మూసిన వాక్యం విత్ చేతుల మీదుగా వెళ్ళినదే.

నాన్సీ విషయానికి వస్తే, కోర్టు రిచర్డ్‌ను విడిచిపెట్టింది గాని ఆమెను విడిచిపెట్టలేదు. ఆమె మీద అభియోగమే నమోదు కాలేదు కనుక ఆమె నిర్దోషి అనే మాటా ఎక్కడా రాలేదు. విచారణకు ఒకరోజు ముందు ఫిలడెల్ఫియా నుంచి కూతురికి రాసిన ఉత్తరంలో జెఫర్సన్, లోకం అంతా వెలివేసినప్పుడే ఆప్తుల ప్రేమ అవసరమని, ఇతరులు ఏమన్నా నాన్సీని దూరం చేయవద్దని కోరాడు. ఆ పాత ఉత్తరాల గుట్టలో ఇంత తడి ఉన్న మాటలు అరుదు. 1796లో రిచర్డ్ హఠాత్తుగా మరణించాక నాన్సీ ఇంకా కొన్నేళ్ళు అక్క ఇంట్లోనే ఉంది. 1805లో రిచర్డ్ తమ్ముడు, అప్పటికే కాంగ్రెస్‌లో వాగ్ధాటికి పేరుపొందిన జాన్ రాండాల్ఫ్ ఆమెను ఇంట్లోంచి పంపేశాడు. ఆమె రిచ్‌మండ్‌లో, ఆపై ఉత్తరాది రాష్ట్రాల్లో చాలీచాలని బతుకు బతికింది. 1809లో, రాజ్యాంగానికి తుది రూపం రాసిన గవర్నర్ మోరిస్ ఆమెను న్యూయార్క్ దగ్గరి తన ఎస్టేటు మోరిసానియాలో ఇంటి నిర్వాహకురాలిగా పెట్టుకున్నాడు. గవర్నర్ అన్నది అతని పేరే, పదవి కాదు.

పెళ్ళి చేసుకునే ముందు మోరిస్ చేసిన పని ఆ వర్గం ఆలోచనను చక్కగా చూపిస్తుంది. అతను నాన్సీని అడిగి ఊరుకోలేదు. ఒకప్పటి న్యాయవాది, ఇప్పుడు దేశ ప్రధాన న్యాయమూర్తి అయిన మార్షల్‌కు ఉత్తరం రాసి ఆమె గురించి లోకం ఏమంటుందో కనుక్కున్నాడు. మార్షల్ జాగ్రత్తగా జవాబిచ్చాడు: అభిప్రాయాలు రెండు విధాలుగా ఉన్నాయని, అందరికన్నా ఎక్కువ గాయపడవలసిన అక్కే ఆమెను తన ఇంట్లో ఉంచుకుందన్నది ఆమెకు అనుకూలమైన విషయమని రాశాడు. ఇక్కడ కూడా ఒక స్త్రీ నిర్దోషిత్వాన్ని ఇంకో స్త్రీ ప్రవర్తనతో కొలిచారే తప్ప, ఆమెనే అడిగి తెలుసుకోలేదు. ఆ ఏడాది క్రిస్మస్ నాడు వారి పెళ్ళి జరిగింది.

1814 శరదృతువులో జూడిత్ కొడుకు ట్యూడర్ జబ్బుపడి మోరిసానియాలో ఉండగా చూడటానికి వెళ్ళిన జాన్ రాండాల్ఫ్, ఆస్తి మీద ఆశ ఉన్న మోరిస్ మేనల్లుడు ఎక్కించిన మాటలతో నాన్సీకి ఘోరమైన ఉత్తరం రాశాడు. బిడ్డను చంపిందని, రిచర్డ్ మరణానికి కూడా ఆమే కారణమని నిందించాడు. ఈసారి నాన్సీ ఊరుకోలేదు. 1815 జనవరిలో సుదీర్ఘమైన జవాబు రాసింది. తాను పెళ్ళాడవలసినది థియోడరిక్‌నని, గ్లెంటివార్‌లో పుట్టినది అతని బిడ్డేనని, బిడ్డ ప్రాణంతో పుట్టలేదని, రిచర్డ్ తన మరదలి మానం కాపాడటానికే నింద మోశాడని తెలియజేసింది. థియోడరిక్ మరణించిన ఫిబ్రవరికీ ఆ అక్టోబరుకూ మధ్య లెక్క ఈ మాటతో సరిపోతుంది. ఇది 22 ఏళ్ళ తరువాత చెప్పినది, తన ఇంటినీ, మోరిస్ వల్ల కలిగిన కొడుకు వారసత్వాన్నీ కాపాడుకోవలసిన అవసరంలో చెప్పినది, కాబట్టి తుది సత్యమని తీసుకోలేము. కాని బిడ్డ పుట్టలేదన్న 1793 నాటి వాదనను అది నేరుగా తోసిపుచ్చింది. చెక్కపెంకుల గుట్ట గురించి బానిసలు చెప్పుకున్న మాటలో సారం నిజమేనని తేలింది. ఆ ఉత్తరం నకళ్ళను ఆమె జాన్ రాండాల్ఫ్ రాజకీయ ప్రత్యర్థులకు వర్జీనియాకు పంపింది. కోర్టులో ఎన్నడూ ప్రమాణం చేయని మనిషి, పోస్టు ద్వారా తన వాంగ్మూలాన్ని తానే నమోదు చేసుకుంది. అయినా ఆ వసంతంలో జాన్ మళ్ళీ కాంగ్రెస్‌కు ఎన్నికయ్యాడు.

రిచర్డ్ 1796లో రాసిన వీలునామా ఈ కథలో వేరే పత్రం. బానిసత్వాన్ని అది మాటలు మింగకుండా ఖండించింది. తన బానిసలందరినీ విడుదల చేసి, వారికి భూమి ఇవ్వాలని నిర్దేశించింది. తండ్రి నాటి తాకట్టు అప్పుల మూలంగా జూడిత్ దాన్ని అమలు చేయడానికి 1810 దాకా పట్టింది. అప్పుడు సుమారు 90 మంది స్వతంత్రులై, ఫార్మ్‌విల్ దగ్గర సుమారు 350 ఎకరాల్లో స్థిరపడి, ఆ చోటును ఇజ్రాయెల్ హిల్ అని పిలుచుకున్నారు. వారు భూమి కొన్నారు, అమ్మారు, అపొమాటాక్స్ నది మీద పడవలు నడిపారు. అయితే ఒక శ్వేతజాతీయుడి మీద నేర విచారణ నడిచినప్పుడు వారి కళ్ళతో చూసినది చెప్పే హక్కు మాత్రం అంతర్యుద్ధం ముగిసేదాకా వర్జీనియా కోర్టుల్లో వారికి రాలేదు.